వడపోత మెషీన్‌కే ఇద్దాం.. లెక్కలు మాత్రం వద్దు

వైద్య పరిశోధనల సమీక్షల్లో ఏఐని వాడొచ్చా లేదా అన్న చర్చకు కాలం చెల్లింది. రిజిస్టర్ చేసిన నాటి నుంచి అచ్చయ్యేదాకా ఒక సిస్టమాటిక్ రివ్యూకు (ఒక ప్రశ్నపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ పద్ధతి ప్రకారం వెతికి బేరీజు వేసే సమీక్షకు) సగటున 67 వారాలు పడుతోందని 2017లోనే లెక్క తేలింది. పబ్‌మెడ్, ఎంబేస్ అనే వైద్య పరిశోధనల డేటాబేస్‌లలో వెతికితే వచ్చిపడే వేల సారాంశాలను ఇద్దరు విడివిడిగా చదివి, పనికొచ్చేవాటిని ఏరాలి మరి. ఈ చాకిరీ మెషీన్‌కు అప్పగించాల్సిందే.

మనిషి కన్ను కనిపెట్టేది మెషీన్ వదిలేస్తుందని అభ్యంతరం. మనిషి మాత్రం వదలడా? ఒక్కరే సారాంశాలు వడపోస్తే పనికొచ్చే అధ్యయనాల్లో 13 శాతం జారిపోయాయని 2020 నాటి ఓ ట్రయల్ తేల్చింది. ఆ రెండో మనిషి కుర్చీలో ఏఎస్‌రివ్యూ లాంటి సాఫ్ట్‌వేర్ కూర్చుంటే నష్టమేమీ లేదు. మన నిర్ణయాలను చూసి నేర్చుకుంటూ, అవసరమైనవాటిని అది ముందుకు తెస్తుంది.

కాకపోతే దాన్ని నడపడం తెలియాలి. డూప్లికేట్లు ముందే ఏరేయాలి. సారాంశం లేని రికార్డులను మెషీన్ అడుగుకు తోసేస్తుంది కాబట్టి వాటిని పక్కకు తీసి చేత్తోనే చూడాలి. అసలు బోల్తా కొట్టేది ఎక్కడ ఆపాలన్న దగ్గర. వరుసగా వంద పనికిరానివి వస్తే చాలు, ఆపేద్దామనుకుంటారు. ఒకే చికిత్స గురించి సర్జన్లు ఒక పదజాలంతో, ఫిజీషియన్లు మరో పదజాలంతో రాసి ఉంటే, మొదటి గుంపు అయిపోగానే ఆ వంద వచ్చేస్తాయి. రెండో గుంపు అట్టడుగునే ఉండిపోతుంది. అందుకే మొదట నేర్పేటప్పుడే రెండు రకాల పేపర్లూ చూపించాలి.

పేపర్లలోంచి అంకెలు తీసే పని మాత్రం మెషీన్ చేతికి వదలకూడదు. పట్టికలో '12.4 (0.8)' అని ఉంటుంది. ఆ 0.8 స్టాండర్డ్ డీవియేషనా (ఒక్కొక్కరి విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది), స్టాండర్డ్ ఎర్రరా (ఆ సగటే ఎంత అటూఇటూ కావొచ్చో చెప్పేది) అన్నది ఎక్కడో ఫుట్‌నోట్‌లో ఉంటుంది. గుంపులో 100 మంది ఉండి, అది ఎర్రర్ అయితే, 100 వర్గమూలమైన 10తో గుణిస్తే అసలు డీవియేషన్ 8. ఎర్రర్‌నే డీవియేషన్ అనుకుంటే మెటా-అనాలిసిస్‌లో (అన్ని ట్రయళ్ల అంకెలనూ కలిపి తీసే ఉమ్మడి లెక్కలో) ఆ ఒక్క ట్రయల్ బరువు వంద రెట్ల దాకా పెరిగి, మిగతావాటన్నిటినీ మింగేస్తుంది. చాట్‌బాట్ దీన్ని తడుముకోకుండా తప్పు చెప్పేయొచ్చు. చూడ్డానికి పట్టిక మాత్రం నీటుగానే ఉంటుంది!

ఇంతకన్నా పెద్ద రోగం మరొకటుంది. కొవిడ్‌కు ఐవర్‌మెక్టిన్ అనే నులిపురుగుల మందు వాడకంపై ఈజిప్టు నుంచి వచ్చిన ప్రీప్రింట్‌ను (నిపుణుల పరిశీలన కాకముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్‌ను) 2021 జులైలో ఉపసంహరించారు. అధ్యయనం మొదలు కాకముందే చనిపోయినవారు దాని డేటాలో ఉన్నారు. అప్పటికే దాన్ని కలుపుకొన్న మెటా-అనాలిసిస్‌లు నవ్వులపాలయ్యాయి. వాటికి అంకెలు తప్పుగా ఎక్కలేదు, తప్పుడు అంకెలే పక్కాగా ఎక్కాయి. ఇక దాచేసినవాటి మాటేమిటి? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గరున్న 74 యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్ మందుల) ట్రయళ్లను 2008లో ఆరా తీస్తే, మందు పనిచేసిందని ఎఫ్‌డీఏ ఒప్పుకున్న 38లో 37 అచ్చయ్యాయి. మిగతా 36లో 22 వెలుగే చూడలేదు. అచ్చుకానిదాన్ని ఏ సాఫ్ట్‌వేర్ మాత్రం వడపోస్తుంది?

వడపోతలో మిగిలిన వారాలను ఖర్చుపెట్టాల్సింది ఇక్కడే. ముడి డేటా ఇమ్మని రచయితలను అడగాలి. ఇవ్వకపోతే ఆ ట్రయల్‌ను పక్కనపెట్టి మళ్లీ లెక్కకట్టి చూపాలి. ట్రయల్ ముగిసిన ఏడాదిలోగా ఫలితాలు రిజిస్ట్రీలో (ట్రయళ్లను నమోదు చేసే బహిరంగ జాబితాలో) పెట్టాలని 2007 నాటి అమెరికా చట్టం చెబుతోంది. ఆ గడువు దాటినవాటిని ఏరడం చిన్న ప్రోగ్రామ్‌కు నిమిషాల పని. ప్రతి సమీక్షలోనూ మొదటి పట్టిక అదే కావాలి, స్పాన్సర్ల పేర్లతో సహా.