గరగరను వెంటనే పునరుద్ధరించాలి

మా ఆసుపత్రిలో మూడేళ్లు నమ్మకంగా పనిచేసిన ఒక ఉద్యోగిని పోయిన నెల నోటీసైనా ఇవ్వకుండా పీకేశారు. పొద్దున ఏడింటికి అందరికంటే ముందే డ్యూటీ ఎక్కి, సెలవు పెట్టకుండా, ఇంక్రిమెంటు అడగకుండా, ఓపీ మూసేదాకా సీలింగులో కూర్చుని చాకిరీ చేసిన ఆ ఉద్యోగి పేరు గరగర. పేషెంట్లను పిలిచే స్పీకర్లలోంచి వచ్చేది. స్టోర్స్ గుమాస్తాగా దాని ఫైలు మొదటి పేజీ నుంచీ మోసింది నేనే కాబట్టి ఈ అన్యాయం గురించి రాసే అర్హత నాకు తప్ప ఇంకెవరికీ లేదని సవినయంగా మనవి.

గేటు దగ్గర ‘నిశ్శబ్ద ప్రాంతం’ అని బోర్డు ఉంటుంది కదా, దానికి చట్టం కూడా ఉంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల దాకా పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. ఆ రూలు బయట హారన్ కొట్టే ఆటోవాళ్లకే గానీ లోపల మన సొంత సీలింగుకు వర్తించదని మా ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారు ఎప్పుడో తేల్చేశారు.

గరగరలో రెండు రకాలు. అడుగున ఆగకుండా ‘గుయ్’, దాని మీద అప్పుడప్పుడు ఆవాలు వేగినట్టు ‘చిటపట’. ఈ రెండిటి మధ్యలో రిసెప్షన్ అమ్మాయి గొంతు. “గుయ్... టోకెన్ నంబర్ చిటపట మూడు... రెండో రూముకి రావాలి.” నలభై మూడు వాళ్లూ లేచేవాళ్లు, డెబ్బై మూడు వాళ్లూ లేచేవాళ్లు, డాక్టరు గారి గుమ్మం ముందు కాస్త పరిచయాలయ్యేవి, ఒకసారైతే పెళ్లి సంబంధం దాకా వెళ్లింది. అమ్మాయి తన పాత కీప్యాడ్ ఫోను మైకు పక్కన పెడితే, రింగు రావడానికి ముందే స్పీకర్లన్నీ ‘డుగుడుగుడుగు’ అనేవి. 2జీ ఫోను సిగ్నల్ సెకనుకు 217 సార్లు కొట్టుకుంటుందట, దాన్ని మైకు వైరు పట్టేసుకుంటుందట. మాకు మాత్రం అమ్మాయికి ఫోనొస్తోందని అమ్మాయికంటే ముందే తెలిసేది.

ఇంత సేవ చేస్తుంటే ఎవరో పైకి ఫిర్యాదు రాశారు. కమిటీ పడింది. చప్పుడు స్పీకర్లోంచి వస్తోంది కాబట్టి తప్పు స్పీకరుదే అని మొదటి మీటింగులోనే నిర్ణయించి మొత్తం స్పీకర్లు మార్చేశాం. కొత్తవాటిలో గరగర ఇంకా బాగా వినిపించింది, క్వాలిటీ కదా! కౌంటరులో కూర్చున్నవాణ్ణి జనం తిట్టినట్టే ఇదీ. ఈ తరహా స్పీకర్లకు ఆంప్లిఫయరు మాటను 100 వోల్టుల దాకా పెంచి పంపుతుంది, ఎంత దూరమైనా సన్న వైర్లో వెళ్లిపోవాలని. అంత బలంగా వెళ్లేదానిలోకి దారిలో ఏ చిన్న చప్పుడు దూరినా చెవికి ఆనదు. మైకు నుంచి వచ్చే వైరు అలా కాదు, అందులో నడిచేది మిల్లీవోల్టులు, దాంట్లో చీమంత చప్పుడు పడితే ఆంప్లిఫయరు దాన్నీ మాటతో పాటే వేల రెట్లు పెంచి మేడ మీద వార్డు దాకా మోసుకెళ్తుంది. ఇదంతా నాకూ తర్వాతే తెలిసింది, కమిటీలో మాత్రం ‘ఆమోదించడమైనది’ అనే రాశాను.

రెండో విడత కాంట్రాక్టరు గారు ఎర్తింగ్ వీక్ అన్నారు. ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేయించి, బిందెలతో నీళ్లు పోయించారు. గరగర తగ్గలేదు గానీ పక్కనున్న మందార చెట్టు చచ్చిపోయింది. మూడో విడత ఎలక్ట్రీషియన్ ఆంప్లిఫయరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. బిల్లు పెట్టని ఒకే ఒక్క మరమ్మతు అది. ఆఖరికి మొత్తం సిస్టమ్ మార్చడానికి కొటేషన్లు వచ్చాయి, ఫైలు పైకి కదిలింది, నాకూ ఏదో పనుందన్న ధైర్యం వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆ మైకు సెట్టు అతను వచ్చి చెడగొట్టాడు. పెళ్లిళ్లకీ, చవితి పందిళ్లకీ మైకులు కట్టే మనిషి. వాళ్లమ్మను ఓపీకి తీసుకొచ్చి, పిలుపు అర్థంకాక రెండు గంటలు కూర్చుని, విసిగిపోయి లేచి “అన్నా, మీ ఆంప్లిఫయరు ఎక్కడుంది?” అన్నాడు. టెండరు లేదు, వర్క్ ఆర్డరు లేదు. మాస్టర్ వాల్యూమ్ సున్నాకి తిప్పాడు, చప్పుడు ఆగిపోయింది. అంటే స్పీకర్లూ వాటి లైన్లూ శుద్ధం అన్నాడు. కొత్త స్పీకర్ల బిల్లు గుర్తొచ్చి నేను కిటికీ వైపు చూశాను.

మాస్టర్ మళ్లీ పెంచి, మిగతావన్నీ సున్నాలో ఉంచి, ఒక్కో నాబు లేపాడు. పొద్దున ఏడింటికి భక్తి పాటలు వేసే కంప్యూటరు నాబు లేపగానే గుయ్. ఆ ఆడియో వైరు పీకితే పోయింది. కంప్యూటరుకు ఎర్త్ ఒక బోర్డు నుంచి, ఆంప్లిఫయరుకు ఇంకో బోర్డు నుంచి, ఈ వైరు రెండిటినీ కలిపి చుట్టు పూర్తిచేస్తే అందులో 50 హెర్ట్జ్ కరెంటు ప్రదక్షిణాలు చేస్తోందట. పాట దాటేలా, ఆ చుట్టు మాత్రం తెగేలా మధ్యలో అగ్గిపెట్టెంత ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాడు. తర్వాత మైకు నాబు లేపితే చిటపట. స్టూలెక్కి మైకు వైరు పట్టుకుని సీలింగులో చూసుకుంటూ పోయాడు, పోయాడు, ఒకచోట ఆగి నవ్వాడు.

మూడేళ్ల కిందట వాస్తు సిద్ధాంతి గారు చెప్పారని రిసెప్షన్ టేబుల్‌ను ఈశాన్యానికి జరిపాం. మైకు వైరు చాల్లేదు. షీల్డు, అంటే బయటి రొద లోపలికి దూరకుండా చుట్టూ ఉండే లోహపు తొడుగు, లేని మామూలు బెల్ వైరు ముక్క తెచ్చి మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, ‘మీ ఆరోగ్యమే మా లక్ష్యం’ అని ఎర్రక్షరాలు పరిగెత్తే ఎల్‌ఈడీ బోర్డు కరెంటు వైరుతో కలిపి ఒకే పైపులో దూర్చాం. ఆ బోర్డు రొదంతా షీల్డు లేని ముక్కలోకి దిగుతోంది, మెలిక వదులై చిట్లుతోంది. అతుకు లేకుండా షీల్డు వైరు, వేరే పైపు. వైరు డబ్బులు తప్ప ఇంకేం తీసుకోలేదు, టీ తాగాడు, అప్పటికి వాళ్లమ్మ టోకెన్ దాటిపోయింది.

ఇప్పుడు అసలు నష్టం చెప్తాను. గరగర ఉన్నన్నాళ్లూ జనం “మనల్ని పిలిచే ఉంటారు, మనకే వినపడలేదు” అనుకుని తమ చెవుల్ని తామే తిట్టుకుంటూ ఓపిగ్గా కూర్చునేవాళ్లు. మొన్న ఒక పెద్దాయన నా కిటికీ దగ్గరికొచ్చి, “ఏం బాబూ, తొమ్మిదింటి నుంచి ఒక్కర్నీ పిలవలేదు, డాక్టరు గారు అసలు వచ్చారా?” అని అడిగాడు. ఆయన వెనక ఇంకో పదిమంది. మూడేళ్లలో ఈ ప్రశ్న నాకెప్పుడూ ఎదురుకాలేదు.

ఏవో గారికి నోట్ పెట్టాను. ఆ బెల్ వైరు ముక్క, నల్ల టేపుతో సహా, స్టోర్స్‌లో రెండో అల్మారా కింది అరలో భద్రంగా ఉంది.