అక్క వేరట, పెళ్లి వేరట!

అక్క పెళ్లి ఫొటోలు హార్డ్ డిస్కులోకి ఎక్కిద్దామని లినక్స్‌లో టెర్మినల్, అదే కమాండ్లు టైప్ చేసే కిటికీ, తెరిచాను. అదే నేను చేసిన పాపం. కాపీ చేసే కమాండ్ సీపీ మైనస్ ఆర్ కొట్టి ఫోల్డర్ పేరు ఇస్తే, అలాంటిదేమీ లేదంటుంది. కళ్లెదుటే ఉంది కదే తల్లీ! గంటన్నర కుస్తీ పట్టాక తెలిసింది, 'అక్క పెళ్లి' మధ్య ఖాళీ ఉందని దాని బాధ. దానికి అక్క వేరు, పెళ్లి వేరు. పేరును కొటేషన్లలో పెట్టాలట. ఆ ముక్క ముందే చెప్తే దాని సొమ్మేం పోయింది?

సరే, పెట్టాను. పర్మిషన్ లేదంది. అడ్మిన్ హోదాలో పని చేయించే సుడో తగిలిస్తే పాస్‌వర్డ్ అడిగింది. టైప్ చేస్తుంటే ఒక్క చుక్క కూడా కనబడదు. కీబోర్డు పోయిందేమోనని టెన్షన్. మధ్యలో ఏదో ఎర్రర్ వస్తే, వెతుకుదామని దాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్ సీ నొక్కాను. అంతే, సగం ఎక్కిన ఫొటోలు అక్కడే ఆగిపోయాయి. ఇక్కడ కంట్రోల్ సీ అంటే పని ఆపెయ్యమనట, కాపీకి షిఫ్ట్ కూడా కలపాలట!