కియాను లేకపోతే జాన్ విక్ లేదా?

కియాను రీవ్స్ కిరాయి హంతకుడిగా నటించిన జాన్ విక్ సినిమాలకు స్పిన్‌ఆఫ్‌గా, అంటే అదే లోకంలో వేరే పాత్ర కథగా, బాలెరినా వచ్చిన దగ్గర్నుంచి యాక్షన్ సినిమాల అభిమానుల మధ్య ఒకటే మాట తిరుగుతోంది. 'జాన్ విక్ కథ నాలుగో భాగంతోనే అయిపోయింది. పేరు అమ్ముకోవడానికి హడావిడిగా స్పిన్‌ఆఫ్‌లు వండుతున్నారు. కియాను రీవ్స్ లేకపోతే ఎవరూ చూడరని కలెక్షన్లే చెబుతున్నాయి. చనిపోయిన హీరోని లాజిక్ లేకుండా మళ్లీ తెచ్చారు, సన్నటి అమ్మాయి చేత పహిల్వాన్లను కొట్టించారు.' ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పినా సారాంశం ఇదే. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. కానీ ఒక్కో మాటా విడిగా పట్టి చూస్తే నిలబడేవి తక్కువ. నాలుగో భాగం ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, ముగింపు గురించి దాచకుండా మాట్లాడబోతున్నాను.

ముందు 'హడావిడిగా' అన్న మాట చూద్దాం. షే హాటెన్ రాసిన బాలెరినా స్క్రిప్ట్‌ను ఈ సినిమాల స్టూడియో లయన్స్‌గేట్ కొన్నది 2017లో. అప్పటికి జాన్ విక్ రెండో భాగం మాత్రమే వచ్చింది. 2019 నాటి మూడో భాగంలో జాన్ సాయం అడగడానికి వెళ్లే నాటకశాల గుర్తుందా? పడినా లేచి మళ్లీ నాట్యం చేసే అమ్మాయి, కుర్చీలో కూర్చుని 'మళ్లీ' అని ఆజ్ఞలిచ్చే అంజెలికా హ్యూస్టన్. తెర మీద బాలెరినాకు విత్తనం అక్కడే పడింది. సినిమా మొదట 2024 జూన్‌కు అనుకుని 2025 జూన్‌కు జరిపారు, మధ్యలో అదనపు యాక్షన్ సీన్లు తీశారు. ఆలస్యం చేశారని తిట్టండి, ఒప్పుకుంటాను. విడిగా రాసుకున్న కథను తెచ్చి ఈ లోకంలో కుట్టారని కూడా అనొచ్చు, మొదటి సగంలో ఆ కుట్లు కనిపిస్తాయి. తండ్రిని చంపినవాళ్ల మీద పగ అనేది అరిగిపోయిన కథే. హడావిడి అన్నది మాత్రం కాదు.

ఇక కలెక్షన్లు. అందరూ దీన్నే బ్రహ్మాస్త్రంలా వాడుతున్నారు. నాలుగో భాగం ప్రపంచవ్యాప్తంగా సుమారు 44 కోట్ల డాలర్లు తెచ్చింది. బాలెరినా 14 కోట్ల దగ్గర ఆగింది. తేడా పెద్దదే. కానీ దీన్నుంచి 'కియాను లేకపోతే చూడరు' అని ఎలా తేల్చారు? బాలెరినాలో కియాను ఉన్నాడు! ట్రైలర్‌లో ఉన్నాడు, సినిమా పేరులోనే 'జాన్ విక్ లోకం నుంచి' అని ఉంది. ఆయన ఉండీ సినిమా అంతే ఆడిందంటే, ఆ లెక్క మీ వాదనకు ఎదురు తిరుగుతుంది. ఆయన అసలు లేనిది కాంటినెంటల్ సిరీస్, ఈ సినిమాల్లో హంతకులు దిగే హోటల్ పాత కథ. అది పీకాక్‌లో స్ట్రీమింగ్‌కు వచ్చింది, దానికి టికెట్ల లెక్కే లేదు.

ఇంకో సంగతి. 2014లో వచ్చిన మొదటి జాన్ విక్ థియేటర్లలో తెచ్చింది సుమారు 8.6 కోట్ల డాలర్లు. రెండోది 17 కోట్లు, మూడోది 32 కోట్లు దాటాయి. ఇంట్లో చూసినవాళ్లు ఆ నోటా ఈ నోటా చెప్పుకుని పెంచిన సిరీస్ ఇది. మొదటిసారి వచ్చిన పాత్రను నాలుగోసారి వచ్చిన పాత్రతో పోల్చడం న్యాయం కాదు. అలాగని బాలెరినా హిట్ అని నేను అనడం లేదు. మొదటి సినిమా రెండు మూడు కోట్ల డాలర్లలో అయిపోయింది, దీనికి తొమ్మిది కోట్ల దాకా పెట్టారు. అంత పెట్టాక 14 కోట్లు చాలవు. అది బడ్జెట్ తప్పు, దానికి హీరోయిన్ ఈవ్‌గా నటించిన అనా దె అర్మాస్‌ను నిందించి లాభం లేదు.

చనిపోయినవాణ్ని తెచ్చారన్న మాట ఒక్క వాక్యంతో పోతుంది: బాలెరినా కథ మూడో భాగానికీ నాలుగో భాగానికీ మధ్య జరుగుతుంది, అప్పటికి జాన్ బతికే ఉన్నాడు.

అమ్మాయి కొట్టడం గురించి మాత్రం కాస్త ఎక్కువ మాట్లాడాలి. మూడో భాగం చివర హోటల్ పైకప్పు మీంచి తూటా తిని కింద పడి జాన్ బతికాడు. నాలుగో భాగంలో పారిస్‌లో 222 మెట్ల దారి అంతా దొర్లి, లేచి, మళ్లీ ఎక్కాడు. అప్పుడు ఈలలు వేసినవాళ్లకు ఈవ్ రాగానే భౌతికశాస్త్రం గుర్తొచ్చింది. పైగా సినిమానే ఈ ప్రశ్న వేసుకుంది. శిక్షణలో ఈవ్ తనకంటే బరువైనవాడి చేతిలో ఓడిపోతూ ఉంటే గురువు చెప్పేది ఇదే: బలంతో గెలవలేవు, ఆట నియమాలే మార్చు, మోసం చెయ్. అక్కణ్నుంచి ఆమె గ్రెనేడ్లు వాడుతుంది, పింగాణీ పళ్లేలు వాడుతుంది, మంచు మీద ఆడే స్కేట్లు వాడుతుంది. ఫ్లేమ్‌త్రోవర్ మంటకూ ఫైర్ హోస్ నీళ్లకూ మధ్య జరిగే పోరు ఈ సిరీస్ మొత్తంలో ఎక్కడా లేనిది. అందులో కండబలం ప్రసక్తి ఎక్కడుంది?

కాంటినెంటల్ బాగోలేదుగా అంటారా? బాగోలేదు. 1970ల న్యూయార్క్, సినిమాల్లో ఆ హోటల్ నడిపే విన్‌స్టన్ కుర్రతనం, మూడు పొడుగాటి ఎపిసోడ్లు. కానీ అది తేలిపోయింది కియాను లేక కాదు. సినిమాల్లో బంగారు నాణేలు ఎందుకో, హోటల్లో ఎవర్నీ ఎందుకు చంపకూడదో ఎవరూ విడమరిచి చెప్పరు. నాణెం బల్లమీద పెడతారు, పని అయిపోతుంది. ఊహకు వదిలేసినదాన్ని సిరీస్ వివరిస్తూ కూర్చుంది. అంతకంటే పెద్ద లోటు ఫైట్లలో ఉంది. మొదటి సినిమా తీసిన చాడ్ స్టాహెల్స్కీ, డేవిడ్ లీచ్ ఇద్దరూ స్టంట్‌మెన్. స్టాహెల్స్కీ అయితే మ్యాట్రిక్స్‌లో కియానుకు డూపు. కెమెరా ఊపేసి, సెకనుకో కట్ వేసి ఫైట్లు దాచేస్తున్న రోజుల్లో వాళ్లు కెమెరాను దూరంగా నిలబెట్టారు. ఎవరు ఎవర్ని ఎటు విసిరారో కనిపిస్తుంది, తూటాలు అయిపోతే మ్యాగజైన్ మార్చడం కనిపిస్తుంది. జనం అలవాటుపడింది దానికి. బాలెరినా దర్శకుడు లెన్ వైజ్‌మన్ రెండో సగంలో ఆ పద్ధతిని అందుకున్నాడు, అందుకే అది నిలబడింది. కాంటినెంటల్ అందుకోలేదు.

మిగిలింది 'నాలుగో భాగంతో అయిపోయింది' అన్న మాట. ఇలా అనేవాళ్లు చివర్లో పేర్లన్నీ పడేదాకా కూర్చోలేదనుకుంటాను. నాలుగో భాగంలోని గుడ్డి హంతకుడు కేన్ పూలు పట్టుకుని కూతురి దగ్గరికి వెళ్తుంటే, అతని చేతిలో తండ్రిని పోగొట్టుకున్న అకిరా కత్తితో ఎదురొస్తుంది. అక్కడ కట్. తలుపు తెరిచి పెట్టింది స్టాహెల్స్కీయే. ఆ కేన్ కథను, ఆ పాత్ర వేసిన డానీ యెన్ దర్శకత్వంలోనే తీస్తామని 2025లో ప్రకటించారు, అది ఎవరి సమాధినీ తవ్వదు. అదే ఏడాది కియానుతో ఐదో భాగం కూడా ప్రకటించారు. జాన్ పేరున్న సమాధిని మనకు చూపించాక ఆయన్ను ఎలా తెస్తారో వాళ్లే చెప్పాలి. ముగింపు చెడగొడుతున్నారన్న కోపం ఉంటే చూపించాల్సింది దాని మీద. చిత్రమేమిటంటే, స్పిన్‌ఆఫ్‌లను తిడుతున్న చాలామంది ఆ ఐదో భాగం వార్తకే పండగ చేసుకున్నారు.