జియోట్యాగ్ చేసిన ప్రత్యేక శ్రద్ధ

ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో వెనకబడిన విద్యార్థుల పట్ల శ్రద్ధ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. శ్రద్ధ ఉంది. బాక్సు ఫైల్లో, పేజీ నంబర్లు వేసి, ప్రిన్సిపల్ గారి ఆకుపచ్చ సిరా సంతకంతో, ఐక్యూఏసీ (కళాశాల నాణ్యత చూసుకునే అంతర్గత విభాగం) గది బీరువాలో భద్రంగా ఉంది. అట్ట మీద ‘స్లో లెర్నర్లు – తీసుకున్న చర్యలు’ అని రాసి ఉంటుంది. తాళం చెవి కోఆర్డినేటర్ గారి దగ్గర. కళాశాలలకు గ్రేడ్లిచ్చే జాతీయ సంస్థ నాక్ తనిఖీ జరిగే రోజున తప్ప ఆ శ్రద్ధను బయటికి తీయరాదు.

2017లో సవరించిన నాక్ మాన్యువల్ కళాశాలలను ఒక ప్రశ్న అడిగింది: మీ విద్యార్థుల స్థాయి అంచనా వేసి, చురుకైనవారికీ నెమ్మదిగా నేర్చుకునేవారికీ ప్రత్యేక కార్యక్రమాలు నడుపుతున్నారా? ప్రశ్నలో తప్పేమీ లేదు. దానికి జవాబులే రెండు రకాలు. పిల్లలకు పాఠం చెప్పడం ఒకటి, చెప్పినట్టు ఆధారాలు తయారుచేయడం ఇంకొకటి. మొదటిదానికి అధ్యాపకులు కావాలి. రెండోదానికి రంగుల ప్రింటరు చాలు. ఏది సులభమో ప్రిన్సిపల్ గారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

వర్గీకరణ అంతా శాస్త్రీయంగానే జరుగుతుంది సుమా. ప్రవేశాలు ముగియగానే ఒక పరీక్ష పెడతారు, ఇంగ్లీషులో. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియమే కాబట్టి, ఇంటర్ దాకా తెలుగులో చదివిన అమ్మాయి కూడా వేసవి సెలవుల్లో ఎక్కడో ఒకచోట ఇంగ్లీషు నేర్చుకునే వచ్చి ఉంటుందని భావించాలి. ఇంటి దగ్గర వాళ్లమ్మ డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసేది ఈ అమ్మాయే. ఎవరు ఎంత పొదుపు కట్టారో, ఎవరి వాయిదా తప్పిందో, బ్యాంకువాళ్లు వడ్డీ ఎక్కడ ఎక్కువ వేశారో ఆమెకు తెలుసు. అకౌంటెన్సీ పరీక్షలో ఇరవైకి నాలుగు వచ్చాయి. ప్రశ్నే అర్థం కాలేదు మరి. పేరు స్లో లెర్నర్ల జాబితాలోకి ఎక్కింది.

జాబితాలోకి ఎక్కినవారికి రెమిడియల్ తరగతులు, అంటే వెనకబడ్డ పాఠాలు మళ్లీ చెప్పే అదనపు తరగతులు, సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు. ఆ ఊళ్లవైపు వెళ్లే చివరి బస్సు నాలుగుంబావుకు.

ఆ తరగతులు జరిగినట్టు ఆధారంగా జియోట్యాగ్ ఫొటోలు, అంటే తీసిన చోటు నమోదయ్యే ఫొటోలు, ఫైల్లో పెట్టాలి. ఇక ఆ ఫొటోల రోజు గురించి చెప్పుకోవాలి. కళాశాల పేరు చెప్పను. చెబితే మిగిలినవాళ్లు తమ పేరు వదిలేశానని నొచ్చుకుంటారు. బస్సు వెళ్లిపోయింది కాబట్టి జాబితాలోని పిల్లలెవరూ లేరు. కోఆర్డినేటర్ గారు చూసిచూసి, మైదానంలో కవాతు చేస్తున్న ఎన్‌సీసీ కుర్రాళ్లను లోపలికి పిలిపించారు. మొదటి వరుసలో నిండుతనం కోసం కాలేజీ ఫస్టు వచ్చిన అమ్మాయిని కూర్చోబెట్టి, కాస్త అయోమయంగా చూడమన్నారు. ఆ అమ్మాయికి అది చేతకాలేదు. ‘ఇంకొంచెం అర్థం కానట్టు, అమ్మా!’ అని బతిమాలారు. నల్లబల్ల మీద జులై తేదీ వేసి ఒక ఫొటో తీశారు. తుడిచి ఆగస్టు. తరవాత కుర్రాళ్లు చొక్కాలు మార్చుకున్నారు, సెప్టెంబర్. డిసెంబర్‌కు ఒకరికి స్వెట్టర్ తొడిగి, ఫ్యాను ఆపించారు. ఫొటో మీద అసలు తేదీ పడుతోందని అటెండరు గుర్తుచేస్తే, ఫోనులోని తేదీని వెనక్కి జరిపారు. విద్యాసంవత్సరం మొత్తం ముప్పావు గంటలో పూర్తయింది. ఆపైన సమోసాలు.

ఆ ఫొటోల్లో అక్షాంశం, రేఖాంశం ఆరు దశాంశ స్థానాల దాకా సరిగ్గా ఉన్నాయి. పిల్లలే లేరు.

తనిఖీ చేసేవారు ఇవన్నీ పట్టుకోలేరా అని అమాయకంగా అడగకండి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయానికి మంచి గ్రేడు ఇచ్చేందుకు నగదు, బంగారం, సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పుచ్చుకున్నారన్న ఆరోపణపై నాక్ బృంద సభ్యులను సీబీఐ అరెస్టు చేసింది. ఎవరి స్థాయిని ఎవరు అంచనా వేస్తున్నారో మీరే చూసుకోండి.

ఇంతాచేసి స్టాఫ్ రూములో వినిపించే మాట ఒక్కటే: ‘వీళ్లకు బేసిక్స్ లేవండీ.’ ఎవరికి లేవు? మంజూరైన పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచి, గంటల లెక్కన అతిథి అధ్యాపకులకు డబ్బు విదిలించి, వేసవి వస్తే అదీ ఆపేసే ప్రభుత్వాలకు ఉన్నాయా బేసిక్స్? పత్తి తీతకు వెళ్లిన పిల్లవాడి హాజరు 75 శాతం కంటే తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుంది. అది పోతే వాడు రెండో ఏడు రాడు. రిజిస్టర్లో పేరు మీద ఎర్రసిరా గీత పడుతుంది, అంతే. అదే రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరబెట్టి, సర్టిఫికెట్ల కోసం పిల్లలు ప్రైవేటు కాలేజీ గేట్ల దగ్గర పడిగాపులు పడుతుంటే చోద్యం చూసే సర్కారుకు మాత్రం ఏ శాతమూ వర్తించదు. కూలికి పోయి, తిరిగొచ్చి, అర్థం కాని భాషలో పాఠం వింటూ ఇంకా బెంచీ మీద కూర్చునే ఉన్న పిల్లల్ని పట్టుకుని నెమ్మదిగా నేర్చుకునేవాళ్లు అంటారా? సిగ్గుండాలి!

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంవారు మనంత తెలివైనవారు కారు. వాళ్ల కమ్యూనిటీ కాలేజీల్లోనూ పునాది లేదనిపించుకున్న పిల్లలే. 2007లో ఏఎస్ఏపీ అని ఒక పథకం పెట్టి, ఫీజులో తక్కువ పడింది కట్టారు, పుస్తకాలిచ్చారు, తరచూ పలకరించే సలహాదారును పెట్టారు, రైళ్లకూ బస్సులకూ మెట్రోకార్డు చేతిలో పెట్టారు. రెమిడియల్ చదువు అవసరమైన పిల్లలనే తీసుకుని పరిశోధకులు లెక్కగట్టారు. పథకంలో లేనివారిలో మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవారు 22 శాతం, ఉన్నవారిలో 40 శాతం. అంత ఖర్చు మనవల్ల కాదంటారు. సరే, ఒప్పుకుందాం.

నాలుగుంబావు బస్సును ఐదుంబావుకు మార్చమని ఆర్టీసీ డిపో మేనేజరుకు ఒక ఉత్తరమైనా రాయవచ్చు కదా అని ఆ కోఆర్డినేటర్ గారిని అడిగాను. ఆయన మాన్యువల్ తిరగేసి చూసి, దానికి మార్కులు లేవన్నారు.