సీసాలో ఏముందో చెప్పాలి

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ ఒకనాడు హర్షవర్ధనుడి రాజధాని. ఇప్పుడు ఆ ఊరి పేరు నిలబెడుతున్నది అత్తరు. 2014లో దానికి జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు దక్కింది. అయినా తాను కొన్న సీసాలో ఉన్నది మంచిగంధం నూనో, పెట్రోలియం నుంచి తీసే పారఫినో మామూలు కొనుగోలుదారుకు తెలియడం లేదు.

అక్కడి పద్ధతిలో ఆల్కహాల్ ఉండదు. పూలూ నీళ్లూ డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పోసి, మూత అంచులకు బంకమట్టి మెత్తి, కింద కట్టెలు, పిడకలతో మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీటి తొట్టిలో ఉంచిన భప్కా అనే మరో పాత్రలోకి దిగుతుంది. అందులో ముందే పోసి ఉంచిన మంచిగంధం నూనె ఆ పరిమళాన్ని పట్టి నిలుపుతుంది. థర్మామీటర్ లేకుండా, పాత్రను తాకి, లోపలి చప్పుడు విని మంట తగ్గించే పనివాళ్లు వాళ్లు. గులాబీ, మల్లె, మొగలి సరే, కాల్చిన మట్టి నుంచి తొలకరి వాసననూ తీస్తారు! ఇంతటి నేర్పు ఒక తరం వదిలేస్తే మళ్లీ దొరకదు.

విచ్చలవిడి నరికివేత, స్మగ్లింగ్ వల్ల గంధం చెట్లు తరిగిపోయాయి. నూనె ధర అత్తరు తీసే చిన్న బట్టీలకు అందకుండా పోయింది. దాని స్థానంలోకి పారఫిన్, ప్లాస్టిక్‌ను మెత్తబరచే డయాక్టైల్ థాలేట్ వచ్చాయి. ఒంటికి రాసుకునే వస్తువులో ఇది చిన్న విషయం కాదు. చౌక సరుకు అమ్మడాన్ని మేం తప్పుపట్టడం లేదు, దాన్ని అసలు అత్తరు పేరుతో అమ్మడాన్నే తప్పుపడుతున్నాం.

ఆ ఊరి సరుకులో పెద్ద వాటా చాలాకాలంగా పాన్ మసాలా, పొగాకు కంపెనీలకే పోతోంది. గుట్కా నిషేధం వల్ల అత్తరు దెబ్బతింటుందనే వాదనను మేం ఒప్పుకోం. జనం ఆరోగ్యం పణంగా పెట్టి ఏ కళనూ కాపాడక్కర్లేదు. దానికి వేరే మార్కెట్ చూపించాలి.

ఏ నూనెలో తీశారో ప్రతి సీసా మీద రాయడం కేంద్రం తప్పనిసరి చేయాలి. 1991లో కన్నౌజ్‌లోనే పెట్టిన సుగంధ పరిశ్రమ అభివృద్ధి కేంద్రం చిన్న బట్టీల సరుకును ఉచితంగా పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. సొంత పొలంలో గంధం పెంచే రైతుకు నరికివేత, రవాణా అనుమతుల టెన్షన్ తగ్గించాలి. ఆ చెట్టు చేవదేరడానికే పదిహేనేళ్లకు పైగా పడుతుంది. లేబుల్ నిబంధనకు మాత్రం అంత కాలం అక్కర్లేదు, వచ్చే రంజాన్‌కు చార్మినార్ దగ్గర అత్తరు కొనేవారికైనా అది అందేలా చూడాలి.