‘ఎవరి వైపు నుంచి వచ్చింది?’ అని అడగడం మానేద్దాం

బిడ్డకు జన్యు జబ్బు ఉందని తేలగానే ఇంట్లో లేచే మొదటి మాట: ‘ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?’ అడిగేవాళ్ల చూపు అప్పటికే తల్లి మీద ఉంటుంది. ఆ ప్రశ్న క్రూరమైనదే. దానికి మించి, లెక్క ప్రకారం కూడా తప్పు.

ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా జబ్బునే తీసుకోండి. లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే బిడ్డకు జబ్బు. లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్న క్యారియర్లుగా తల్లీ తండ్రీ ఇద్దరూ ఆరోగ్యంగానే తిరుగుతుంటారు. డాక్టర్ కాగితం మీద నాలుగు గళ్లు గీసి చూపిస్తారు: ఒక గడిలో జబ్బు, రెండింటిలో క్యారియర్, ఒకదాంట్లో ఏ లోపమూ లేదు. అది చూసి ‘ఒకరికి వచ్చేసింది, ఇక ముగ్గురికి రాదు’ అనుకునేవాళ్లున్నారు. ఆ గళ్లు నలుగురు పిల్లలు కారు. ప్రతి గర్భానికీ లెక్క మొదటికొస్తుంది, మళ్లీ అదే 25 శాతం.

రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా తల్లి ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా కొడుక్కి చేరుతుంది, నిజమే. కానీ దాదాపు మూడో వంతు కేసుల్లో కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఉండదు. మరుగుజ్జుతనం తెచ్చే ఎకాండ్రోప్లాసియా సంగతి చూడండి. ఆ పిల్లల్లో సుమారు 80 శాతం మంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్లే. బిడ్డ జన్యువులో కొత్తగా వచ్చిన ఆ మార్పు దాదాపు ఎప్పుడూ తండ్రి వీర్యకణంలోనే పుడుతుంది, ఆయన వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశమూ పెరుగుతుంది. తల్లి వయసు లెక్కపెట్టేవాళ్లు తండ్రి వయసు ఎందుకు అడగరు?

ముందే టెస్టులు చేయిస్తే టెన్షన్ తప్ప ఏం మిగలదని, సంబంధాలు చెడిపోతాయని కొందరంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ సైప్రస్‌లో దశాబ్దాలుగా పెళ్లికి ముందే తలసీమియా పరీక్ష చేస్తున్నారు. ఇద్దరూ క్యారియర్లని తెలిసిన జంటల్లో ఎక్కువమంది పెళ్లి మానుకోలేదు. ముందే తెలియడంతో గర్భంలోనే బిడ్డకు పరీక్ష చేయించుకున్నారు, ఆ జబ్బుతో పుట్టే పిల్లలు మాత్రం దాదాపు లేకుండా పోయారు.

నన్ను బాధించేది టెస్టు కాదు, దాచిపెట్టడం. ఆల్బమ్‌లో ఒక మేనమామ ఫొటో ఉంటుంది. ‘చిన్నప్పుడే పోయాడు’ అంటారు, అంతే. పన్ను ఊడాక రక్తం ఆగక పోయాడన్న ముక్క ఎవరూ చెప్పరు. ఆ ముక్క తెలిసుంటే గర్భంతో ఉన్న మేనకోడలు డాక్టర్‌కి చెప్పేది. కాన్పులో పరికరాలు పెట్టి బిడ్డను లాగేవారు కాదు, కండకు ఇంజెక్షన్ వేసేముందు రక్త పరీక్ష చేసేవారు.