బంగారు మేకు సరే, మరి కొండ తొలిచినవాళ్లు?

అమెరికా తూర్పు, పడమరలను కలిపిన తొలి రైలుమార్గం మీద మీరు వేసిన వ్యాసం చదివాను. 1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీ సమ్మిట్‌లో బంగారు మేకుతో రెండు వైపుల పట్టాలూ కలిపిన సందర్భం గురించి అందులో బాగా రాశారు, కానీ ఘనతంతా కంపెనీ యజమానులకూ ఇంజనీర్లకూ కట్టబెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. పడమటి వైపు నుంచి లైను వేసిన సెంట్రల్ పసిఫిక్ రైల్వే కంపెనీ కూలీల్లో ఎక్కువమంది చైనావాళ్లు. వాళ్ల గురించి ఒక్క ముక్క కూడా లేదేంటి? సియెర్రా నెవాడా కొండల్లోని సమ్మిట్ టన్నెల్ ఒక్కటే తీసుకోండి, 1,659 అడుగుల పొడవు, అంతా గట్టి గ్రానైట్, ఒకడు ఉక్కు కడ్డీని పట్టుకుని తిప్పుతుంటే మిగతావాళ్లు సమ్మెటలతో బాదాలి, ఆ బెజ్జంలో మందు కూరి పేల్చాలి, పొగ పోయాక రాళ్లు ఎత్తిపోయాలి, ఇంత చేస్తే రోజుకి ముందుకు జరిగేది అడుగో రెండడుగులో. చలికాలంలో మంచు కింద సొరంగాలు తవ్వుకుని అందులోంచే పనికి వెళ్లేవారు. మంచు చరియలు విరిగిపడి ఎంతోమంది పోయారు.

1867 జూన్‌లో తెల్లకూలీలతో సమానంగా జీతం ఇవ్వండి, పని గంటలు తగ్గించండి అని వేలమంది పని ఆపేస్తే, కంపెనీ యజమానుల్లో ఒకడైన చార్లెస్ క్రాకర్ వాళ్లకు తిండి సరుకులు రాకుండా ఆపించాడు. వారంలో సమ్మె ముగిసిపోయింది, అడిగింది దక్కలేదు. ఆకలితో లొంగదీయడం కాకపోతే ఏంటండీ ఇది? పట్టాలు కలిపిన రోజు తీసిన, మీరు వేసిన ఆ ప్రసిద్ధ ఫొటోలో కూడా చైనావాళ్లు దాదాపు కనబడరు. పట్టాలు కలిసిన 13 ఏళ్లకే, 1882లో, చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టం చేశారు, అది రద్దయింది 1943లో.